హుకుం మీది, ఖాతా మాది



సంచిక కమిటీ వాళ్లు "హాస్టల్ జ్ఞాపకాలు రాయి" అన్నారు. జ్ఞాపకాలు రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు, నాకన్నా బాగా రాస్తారు. నేను ఎం.ఏ. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ చేతికందిన మొదటి మనిషిని. చదివిన పాఠానికి, తిన్న అన్నానికి మధ్య ఉన్న ఒక లెక్క రెండేళ్లుగా నన్ను తొలుస్తోంది. అదే రాస్తాను. లెక్కలంటే విసుగు పుట్టేవాళ్లు పేజీ తిప్పేయొచ్చు. కాని మన మెస్సులో చారు ఎందుకు పలచబడుతుందో ఈ లెక్కలోనే ఉంది.

2017లో మన కాలేజీ హాస్టళ్లకు మెస్ ఛార్జీ నెలకు 1,500 రూపాయలు చేశారు. రోజుకి 50. పొద్దున టిఫిను, రెండు పూటల అన్నం, సాయంత్రం చాయ్, వంటగ్యాసు అన్నీ అందులోనే. ఆ 1,500 మళ్లీ కదలడానికి 2024 చివరిదాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు 2,100 అయింది. మూడు నుంచి ఏడో తరగతి పిల్లలకు 950 ఉన్నది 1,330, ఎనిమిది నుంచి పది దాకా 1,100 ఉన్నది 1,540. 2024 డిసెంబరు 14న కొత్త మెనూ మొదలుపెట్టి, మంత్రులు, అధికారులు హాస్టళ్లకు వచ్చి పిల్లలతో కలిసి తిన్నారు. మంచిదే. ఒకేసారి 40 శాతం పెంచడం చిన్న విషయం కాదు, పెంచినవాళ్లను తప్పు పట్టను. నా ప్రశ్న వేరు. ఆ ఏడేళ్లు మెనూ బోర్డు మాత్రం మారలేదు. గుడ్డు ఉండాలి, కూర ఉండాలి, అరటిపండు ఉండాలి అని హుకుం అట్లనే ఉంది. పప్పు ధర, నూనె ధర, సిలిండరు ధర పెరుగుతూ పోయాయి. ఆ తేడా ఎవరు కట్టారు?

సర్కారు కట్టలేదు. వార్డెన్ సార్ జీతంలోంచి కట్టలేదు, కట్టమనడం న్యాయమూ కాదు. మనమే కట్టాం మిత్రులారా, ప్లేటులో. పప్పులో నీళ్లు, గుడ్డు రోజున సగం గుడ్డు, అరటిపండు రోజున "రేపు ఇస్తం". రసీదు లేని పన్ను అది. దేశంలో ధరలు పెరిగితే ఉద్యోగికి డి.ఏ. ఉంది, ఏడాదికి రెండుసార్లు లెక్క కడతారు. మెస్సు పప్పుకి డి.ఏ. లేదు.

ఇట్లాంటి దానికి అమెరికాలో ఒక పేరు ఉంది, అన్‌ఫండెడ్ మాండేట్ అంటారు. పై సర్కారు ఒక పని చెయ్యమని చట్టం చేస్తుంది, ఖర్చు మాత్రం కింది సర్కారు మీద పడేస్తుంది. అక్కడ బడులు నడిపేది స్కూలు డిస్ట్రిక్టులు. వాటికి ఎన్నికైన బోర్డు ఉంటుంది, ఇళ్ల మీద పన్ను వేసి బడి నడుపుకుంటారు. 1975లో వాళ్ల పార్లమెంటు వికలాంగ పిల్లలందరికీ చదువు చెప్పి తీరాలని చట్టం చేసింది. దేశంలో ఒక్కో పిల్లవాడి చదువుకు సగటున అయ్యే ఖర్చులో 40 శాతం దాకా మేమిస్తామని రాసుకుంది. చట్టం అమలవుతూనే ఉంది, ఆ 40 మాత్రం ఈనాటికీ నిండలేదు. ఇట్లాంటి మోతలు తగ్గించాలని 1995లో మరో చట్టమే చేసుకున్నారు. క్లాసులో ఈ పాఠం చెబుతుంటే పక్కనున్న మిత్రుడు నోట్సు రాసుకుంటున్నాడు. నాకు మాత్రం మా అమ్మ గుర్తొచ్చింది.

మా అమ్మ మా ఊరి ప్రైమరీ బడిలో మధ్యాహ్న భోజనం వండేది. మాది రంగారెడ్డి జిల్లా, ఊరి పేరెందుకులెండి, ఏ ఊరైనా ఇదే కథ. ఈ భోజనం ఎట్లా వచ్చిందో మనవాళ్లకు తెలియాలి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ ఆర్డరు వేసింది, ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో పిల్లలకు బియ్యం పంచడం కాదు, వండిన అన్నం పెట్టండి అని. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి మొదలైంది. గొప్ప ఆర్డరు. ఆ అన్నం లేకపోతే నేను మూడో తరగతిలోనే గొర్ల వెంట పోయేవాణ్ణి.

కాని వండేది ఎవరు? మహిళా సంఘం ఆడవాళ్లు. బియ్యం సర్కారు ఇస్తుంది. మిగతావన్నీ, అంటే పప్పు, కూరగాయ, నూనె, ఉప్పు, కారం, కట్టెలు వాళ్లే ముందు తేవాలి. తర్వాత పిల్లల హాజరు లెక్కన బిల్లు వస్తుంది. "తర్వాత" అంటే ఎప్పుడు అనేది ఏ జీవోలోనూ గట్టిగా ఉండదు. నెల, మూడు నెలలు, ఒక్కోసారి బడి ఏడాది దాటేది. అమ్మ ఊళ్లో కిరాణం దుకాణంలో ఖాతా పెట్టింది. ఖాతా పెరిగితే నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి కట్టింది. సర్కారు వారి పథకానికి మా అమ్మ మిత్తి కట్టిందన్న మాట! ఆమెకు వచ్చే గౌరవ వేతనం నెలకు 1,000 రూపాయలు, ఏడాదిలో పది నెలలే. ఆ వెయ్యి 2009లో కేంద్రం పెట్టిన లెక్క. అందులో 600 కేంద్రం, 400 రాష్ట్రం. తర్వాత మన రాష్ట్రం తన వాటా పెంచి 3,000 చేసింది, కేంద్రం లెక్క మాత్రం ఆ వెయ్యి దగ్గరే కూర్చుంది.

"గుడ్డు పెట్టకుంటె సారు ఊకోడు, పెడితె దుకాణపాయన ఊకోడు బిడ్డా" అనేది అమ్మ. మా ప్రొఫెసర్ రెండు పీరియడ్లు చెప్పిన పాఠం అమ్మ ఒక్క ముక్కలో చెప్పింది.

రేట్లు కూడా చూడండి. 2025 మే 1 నుంచి ఐదో తరగతి లోపు పిల్లవాడికి పూటకు 6 రూపాయల 78 పైసలు, ఆరు నుంచి ఎనిమిది దాకా 10 రూపాయల 17 పైసలు. ఇందులో చిన్నపిల్లవాడికి 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయ, 5 గ్రాముల నూనె ఉండాలని కొలత ఉంది. కొలత గ్రాముల్లో రాస్తారు, డబ్బు పైసల్లో రాస్తారు. మన బార్కస్‌లో ఆరు రూపాయల 78 పైసలకు ఏమొస్తుందో మీరే చెప్పండి. చాయ్ కూడా రాదు. మండీ హోటళ్ల ముందు నుంచి నడిచి వస్తే వాసన మాత్రం ఉచితం.

నేను ఒప్పుకోవాల్సిన మంచి ఉదాహరణ కూడా ఒకటుంది. 2015 జనవరి నుంచి తెలంగాణ హాస్టళ్లకు, మధ్యాహ్న భోజనానికి సన్నబియ్యం ఇస్తున్నారు. అంతకుముందు దొడ్డుబియ్యం అన్నం తిన్న సీనియర్లను అడగండి తేడా ఏమిటో. ఈ పని ఎందుకు నిలబడింది? "సన్నబియ్యం పెట్టండి" అని కాగితం పంపలేదు, బియ్యమే పంపారు. అట్లాగే 2024 సెప్టెంబరులో ప్రభుత్వ విద్యాసంస్థలకు ఉచిత కరెంటు అన్నారు. అంతదాకా కరెంటు బిల్లు బడి గ్రాంటులోంచే కట్టాలి, చాక్‌పీసులకూ అదే గ్రాంటు, చీపురుకూ అదే గ్రాంటు. 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష కింద ఏడాదికి వచ్చే గ్రాంటు 50,000. రెండొందల మంది పిల్లలుంటే తలకు 250 రూపాయలు, ఏడాదికి! అందులో పదో వంతు శుభ్రతకే ఖర్చు పెట్టాలని మళ్లీ ఒక నిబంధన. ఇచ్చేది పిడికెడు, దానికి కట్టే ముడులు పది.

ఇప్పుడు చట్టం సంగతి. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. దాని తొమ్మిదో సెక్షన్ తెరిచి చదవండి. పిల్లలందరికీ ఉచిత చదువు, దగ్గర్లో బడి, భవనం, టీచర్లు, సామగ్రి, పద్నాలుగేళ్ల లోపు పిల్లల వివరాల రిజిస్టరు, వలస కూలీల పిల్లల చేరిక ఇవన్నీ "స్థానిక సంస్థ" బాధ్యత అని ఉంది. స్థానిక సంస్థ అంటే చట్టం ప్రకారం మున్సిపల్ కార్పొరేషన్, మున్సిపాలిటీ, జిల్లా పరిషత్, పంచాయతీ. ఏడో సెక్షన్ ప్రకారం డబ్బు బాధ్యత కేంద్రం, రాష్ట్రం కలిసి మొయ్యాలి. అంటే పని ఒకరికి రాసి, పర్సు ఇద్దరి దగ్గర పెట్టారు.

మరి మన బార్కస్‌లో ఆ స్థానిక సంస్థ ఎవరు? నగర పాలక సంస్థ. హైదరాబాదులో సర్కారు బడులు నగర పాలక సంస్థవి కావు, విద్యాశాఖ నడిపిస్తుంది, డి.ఇ.ఓ. గారికి జవాబుదారీ. బడి ముందు మోరీ పొంగితే మాత్రం నగర పాలక సంస్థ. ఊళ్లో అయితే కనీసం రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో ప్రాథమిక, మాధ్యమిక బడులతో సహా విద్య అని స్పష్టంగా ఉంది. పట్నానికి వర్తించే పన్నెండో షెడ్యూలులో బడి అనే మాటే లేదు, "సాంస్కృతిక, విద్యా, సౌందర్య అంశాల ప్రోత్సాహం" అనే గాలిమాట ఉంది. పట్నం వాళ్లకు బడి మీద అధికారం ఊరివాళ్ల కన్నా తక్కువ! పాతబస్తీలో కిరాయి ఇళ్లల్లో ఇరుకు గదుల్లో నడిచే సర్కారు బడుల గురించి పేపర్లలో ఏళ్ల తరబడి వస్తూనే ఉంది. కార్పొరేటరును అడిగితే నా చేతిలో లేదంటాడు. నిజమే, లేదు.

బార్కస్ అంటేనే బ్యారక్స్. నిజాం సైన్యంలో పనిచేయడానికి హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సిపాయిల బ్యారక్సులు, జనం నోట్లో బార్కస్ అయ్యింది. ఇక్కడి బడికి వచ్చే పిల్లల్లో ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లున్నారు, తెలుగు మాట్లాడేవాళ్లున్నారు, జాంపండ్ల బండి నాయన దగ్గర పొద్దున గంట పనిచేసి వచ్చేవాళ్లున్నారు. ఇట్లాంటి చోటికి 2018లో అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరి అనే చట్టం వచ్చింది. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. రెండూ నాకు ఇష్టమే. తెలుగు రాకుండా ఈ రాష్ట్రంలో ఏ ఆఫీసుకు పోయినా పని కాదు, ఇంగ్లీషు రాకుండా ఏ ఇంటర్వ్యూకీ పనికిరాం, అది మనకన్నా బాగా ఎవరికి తెలుసు? కాని ఉర్దూ ఇంటి పిల్లవాడికి తెలుగు చెప్పడం వేరే విద్య, దానికి వేరే టీచరు కావాలి, వేరే పుస్తకం కావాలి. ఇంగ్లీషు మీడియం పెట్టినప్పుడు అప్పటిదాకా తెలుగులోనో ఉర్దూలోనో లెక్కలు చెప్పిన సారుకే కొద్ది రోజుల శిక్షణ ఇచ్చి, రెండు భాషల పుస్తకం చేతిలో పెట్టారు. మిగతాది ఆయన అదృష్టం, పిల్లల అదృష్టం.

ఇక విద్యాహక్కు చట్టంలోనే తల్లిదండ్రుల కమిటీ ఉంది, ఇరవై ఒకటో సెక్షన్. నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం ఆడవాళ్లు ఉండాలి, బలహీన వర్గాల వాటా ఉండాలి. వాళ్లు బడి అభివృద్ధి ప్రణాళిక రాయాలి, ఆ ప్రణాళిక ఆధారంగానే గ్రాంట్లు ఇవ్వాలని ఇరవై రెండో సెక్షన్ చెబుతుంది. చదివితే కడుపు నిండిపోతుంది. జరిగేదేమిటి? గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి పైన ముందే తేలిపోతుంది. కమిటీలో ఉన్న తల్లులు సంతకం పెడతారు, లేకుంటే వేలిముద్ర.

ఆ కమిటీలకు నిజంగా పని అప్పజెప్పినప్పుడు ఏమైందో కూడా చూశాం. 2022 మార్చి 8న వనపర్తిలో "మన ఊరు - మన బడి" మొదలైంది, పట్నాల్లో "మన బస్తీ - మన బడి". మొత్తం 26,065 బడులు, 7,289 కోట్లు, మొదటి దశలో 9,123 బడులు అన్నారు. పనులు బడి యాజమాన్య కమిటీల పేరు మీద నడిచాయి. చాలా బడులు నిజంగా బాగుపడ్డాయి. కాని చాలా చోట్ల బిల్లులు ఆగాయి, కమిటీ ఛైర్మన్లు సిమెంటు దుకాణానికి, మేస్త్రీకి అప్పుపడి ఆఫీసుల చుట్టూ తిరిగారు. కూలి పని చేసుకునే తండ్రిని ఛైర్మన్ చేసి, లక్షల పని ఆయన పేరు మీద రాసి, బిల్లు మాత్రం ఆపితే దాన్ని స్థానిక అధికారం అంటామా? 2024 మార్చిలో ఆ కమిటీల స్థానంలో మహిళా సంఘాల అధ్యక్షురాళ్లతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. పేరు బాగుంది. సర్కారు వారికి ఇంకా ఎన్ని అప్పులు అమ్మల పేరు మీద పెట్టాలని ఉందో!

ఇక్కడ కొందరు మిత్రులు అంటారు, అట్లయితే పై పెత్తనం మొత్తం తీసేసి బడిని ఊరికే అప్పజెప్పితే సరి కదా అని. నేను ఒప్పుకోను. మనం, మన వాడల నుంచి వచ్చినవాళ్లం, ఒప్పుకోకూడదు. అంబేద్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ఊరిని ఎందుకంత అనుమానంగా చూశారో మనకు పుస్తకం చదవకముందే తెలుసు. మా అమ్మ వంటకు కుదిరిన కొత్తల్లో, ఊరి నడిమి నుంచి కొందరు తమ పిల్లలకు ఇంటి నుంచి డబ్బాలు పంపారు. ఊరి మాటే చెల్లితే అమ్మ పొయ్యి దగ్గర నిలబడేది కాదు. 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు వంటవాళ్ల నియామకంలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. పై హుకుం అది. ఆ హుకుం మాకు కావాలి. హాస్టల్ అనేది పుట్టిందే ఊరి చేతి నుంచి మనల్ని బయటికి లాగడానికి.

డబ్బు విషయంలో కూడా ఊరికి ఊరే చూసుకోవాలంటే ఏమవుతుందో అమెరికాలోనే ఉంది. టెక్సాస్ రాష్ట్రంలో శాన్ ఆంటోనియో పట్నం. ఎడ్జ్‌వుడ్ అనే పేద మెక్సికన్ల వాడ, ఆలమో హైట్స్ అనే ధనికుల వాడ. 1967-68లో ఎడ్జ్‌వుడ్ పిల్లవాడి మీద 356 డాలర్లు ఖర్చు, ఆలమో హైట్స్ పిల్లవాడి మీద 594. పన్ను రేటు మాత్రం ఎడ్జ్‌వుడ్‌లోనే ఎక్కువ! ఇళ్ల విలువే తక్కువైతే ఎంత పిండినా ఎంత వస్తుంది? డెమెట్రియో రోడ్రిగ్జ్ అనే తండ్రి, మరికొందరు తల్లిదండ్రులు 1968లో కోర్టుకు వెళ్లారు. 1973లో సుప్రీంకోర్టు ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు అయి వాళ్ల కేసు కొట్టేసింది. చెప్పిన కారణాల్లో ఒకటి ఏమిటో తెలుసా? స్థానిక అధికారం కాపాడాలట. బార్కస్ బడిని బార్కస్ ఇంటి పన్నుతో, బంజారాహిల్స్ బడిని బంజారాహిల్స్ ఇంటి పన్నుతో నడుపుకోమంటే ఎట్లుంటుందో ఊహించుకోండి.

కాబట్టి నేను కోరేది హుకుం వద్దని కాదు. హుకుం రానీయండి, దాని జేబులో పైసలు పెట్టి పంపండి. మెస్ ఛార్జీని ఏడేళ్లకోసారి దయతలిచి పెంచడం కాదు, ఉద్యోగుల డి.ఏ. లాగే ధరల సూచీకి కట్టి ఏటా జూన్ నాటికి సవరించాలి. వార్డెన్‌కి, వంట చేసే తల్లులకు మూడు నెలల ఖర్చు ముందే అడ్వాన్సుగా ఇచ్చి, తర్వాత లెక్క అడగాలి. గట్టిగా అడగాలి, దొంగలెక్క రాసే వార్డెన్లు లేరని నేను అనడం లేదు, మీరూ అనరు. కాని బిల్లు ఆరు నెలలు ఆపే పద్ధతిలో నిజాయితీపరుడు అప్పుల పాలవుతాడు, దొంగ మాత్రం దుకాణదారుతో కలిసి బాగుపడతాడు. కమిటీ రాసిన ప్రణాళికకు పైనుంచి రాతలో జవాబు రావాలి, ఇది ఇస్తాం, ఇది ఇవ్వలేం, ఇందుకు అని. ఏ పైసా ఎక్కడ ఖర్చు పెట్టాలో తేల్చేది మాత్రం ఆ తల్లులు, ఆ పిల్లలు. మోరీ ముందు బాగుచెయ్యాలా, గోడకి రంగు ముందు వెయ్యాలా అనేది సచివాలయంలో కూర్చున్నవారికన్నా బార్కస్ తల్లికి బాగా తెలుసు.

ఫీజు రీయింబర్స్‌మెంటు సంగతి కూడా ఇదే వరస. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆ పథకం వల్లే నాలాంటివాడు పీజీ దాకా వచ్చాడు. ఫీజు అడగొద్దని కాలేజీకి హుకుం, కాలేజీకి బకాయి, చివరికి మన సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలో. దాని గురించి రాస్తే ఈ సంచిక చాలదు, వచ్చే ఏడాది ఎవరైనా రాయండి.

పూర్వ విద్యార్థి అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. మీలో ట్రెజరీలో ఉన్నవారున్నారు, ఆడిట్ ఆఫీసులో ఉన్నవారున్నారు, సచివాలయంలో సెక్షన్ ఆఫీసర్లున్నారు. వార్షికోత్సవానికి వచ్చి, ఫొటో దిగి, మటన్ బాగుందని మెచ్చుకుని వెళ్లిపోకండి. మన హాస్టల్ బిల్లు ఏ టేబుల్ మీద ఎన్ని రోజులు ఆగుతుందో, ఎందుకాగుతుందో మాకు చెప్పండి. ఆర్.టి.ఐ. దరఖాస్తు ఎట్లా రాయాలో తమ్ముళ్లకు నేర్పండి, పది రూపాయల ఖర్చు. మెస్ కమిటీలో ఉన్న తమ్ముళ్లు 2024 డిసెంబరు నుంచి ఏ నెల బిల్లు ఏ తేదీన పంపారో, ఏ తేదీన డబ్బు పడిందో వార్డెన్ సార్‌ను అడిగి రాసి పెట్టండి. ఆయన కూడా సంతోషిస్తారు, ఆయన ఖాతా కథ వినేవాళ్లు ఇన్నాళ్లకు దొరికారని. సభ అయిపోయాక, భోజనాల తర్వాత, రీడింగ్ రూములో కూర్చుందాం. రిజిస్టరు నేను కొనుక్కొస్తాను.